ఈ ఏడు మా ఇంటికి స్టార్ కట్టాలా?

పేరూ ఊరూ రాయవద్దని కోరిన ఒక సోదరి గుంటూరు జిల్లా నుంచి పెద్ద ఉత్తరం రాశారు. ఆమెకు ముప్పై ఎనిమిదేళ్ళు. పుట్టింది, పెరిగింది, పెళ్ళయింది లూథరన్ సంఘంలోనే. ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా పనిచేస్తున్నారు. ట్రాక్టర్ మెకానిక్‌గా ఉన్న భర్త రెండు కిడ్నీలూ పాడై, ఏడాదిన్నర డయాలసిస్ మీద ఉండి, ఈ ఆగస్టులో ప్రభునందు నిద్రించారు. వారానికి రెండుసార్లు తెల్లవారుజామున ఐదున్నర బస్సుకు ఆయన్ని తీసుకుని ఆసుపత్రికి వెళ్ళడం, మధ్యాహ్నానికి తిరిగొచ్చి స్కూలుకు పరుగెత్తడం, ఆ ఏడాదిన్నరా అదే ఆమె జీవితం. మందులకూ రాకపోకలకూ చివర్లో ఐసీయూకూ చేసిన అప్పు 4 లక్షలు, నూటికి రెండు రూపాయల వడ్డీ. ఇంట్లో అత్తగారు, నాలుగో తరగతి చదివే బాబు, తొమ్మిదో తరగతి చదివే పాప ఉన్నారు. పాప గురించి ఉత్తరంలో ఒకే ఒక్క వాక్యం: "అది బుద్ధిమంతురాలు, ఏమీ అడగదు."

మిగతా ఉత్తరమంతా డిసెంబరు గురించే. ప్రతి ఏడూ, క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలుండే ఆగమన కాలం (అడ్వెంట్) మొదటి ఆదివారానికి ముందురోజు, ఆమె భర్త అటక మీది క్రిస్మస్ స్టార్ దించేవారట. వెదురు బద్దలు కట్టి, రంగు కాగితం అంటించి సొంతంగా చేసిన స్టార్ అది. పండుగ అయ్యాక బల్బు వైరును మోచేతికి చుట్టచుట్టి, గుడ్డపీలికతో ముడేసి దాచేవారట. మొన్న బాబు కుర్చీ ఎక్కి అటక మీదికి తొంగిచూస్తూ, "అమ్మా, ఈసారి ఎవరు దించుతారు?" అని అడిగాడు. జవాబు చెప్పలేక ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయారు. అత్తగారు మాత్రం, "ఏడాది తిరక్కుండా పండుగేంటి, స్టారేంటి, నలుగురూ ఏమనుకుంటారు?" అని తేల్చేశారు.

ఇంతలో పాస్టరయ్యగారు వచ్చి, ఆగమన కాలంలో ఆదివారానికొకటి వెలిగించే నాలుగు కొవ్వొత్తుల్లో మొదటిదైన నిరీక్షణ కొవ్వొత్తిని, మొదటి ఆదివారం మందిరంలో మీ కుటుంబమే వెలిగించాలమ్మా అని అడిగారు. ఆమె ఔననలేదు, కాదనలేదు. ఆ వారమే స్త్రీల కూడికలో ఒకావిడ పక్కనున్నావిడతో, "మొదటి కొవ్వొత్తి ఆమె చేత్తోనా?" అనడం చెవిన పడింది. అంతకుముందే, ఆదరణ కూడికకు వచ్చిన ఒక ప్రసంగీకుడు, మీరు పూర్ణ విశ్వాసంతో అడిగి ఉంటే దేవుడు ఆయన్ని లేపేవాడే అని ఇంట్లో నలుగురి ముందూ అన్నాడు. అప్పటినుంచి ఆమెకు ప్రార్థన రావడం లేదు. "మోకాళ్ళ మీద ఉంటాను. మాట రాదు. లేచి గిన్నెలు తోముకుంటాను" అని రాశారు. చివరగా ఆమె అడిగింది ఇది: "ఆగమన కాలం పాటించకపోతే దేవుణ్ణి వదిలేసినట్టా? పాటిస్తే మా ఆయన్ని అప్పుడే మరిచిపోయినట్టా?"

అమ్మా,

మీ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే: కాదు. కానీ ఆ ఒక్క మాటతో మీ టెన్షన్ తీరదని నాకు తెలుసు. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ ప్రసంగీకుడి మాట సంగతి చూద్దాం, మిగతా ముళ్ళన్నీ దాని చుట్టే పడ్డాయి కాబట్టి. ఆయన అన్నది తప్పు. పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, దేవుడు తీయలేదు. సిలువకు ముందురాత్రి గెత్సేమనేలో యేసు ప్రభువే ఈ శ్రమల గిన్నె నా నుంచి తొలగించమని అడిగాడు, అది తొలగలేదు. వాళ్ళిద్దరికీ విశ్వాసం తక్కువైందని ఏ ప్రసంగీకుడూ అనడు. ఐదున్నర బస్సుకు, చలిలో, నడవలేని మనిషిని భుజానికి ఆనించుకుని ఏడాదిన్నర నడిపించిన మీకు విశ్వాసం లేదనడానికి ఎవరికీ నోరు రాకూడదు. ఆ మాటను మోస్తూ ఆగమన కాలంలోకి వెళ్ళకండి. మీకు కుదిరితే పాస్టరయ్యగారితో ఆ విషయం చెప్పండి, ఇలాంటి మాట ఇంకో ఇంట్లో పడకుండా ఆయన చూస్తారు. చెప్పే ఓపిక లేకపోతే ఇప్పుడు వదిలేయండి, మీ బాధ్యతల్లో అది లేదు.

ఇక ఆగమన కాలం. దాన్ని పాటించాలంటే మనసు సంతోషంగా ఉండాలని మీరు అనుకుంటున్నట్టు ఉత్తరం చదివితే అనిపించింది. మన ఊళ్ళలో డిసెంబరు వచ్చే తీరు చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. ఒకటో తారీకు నుంచే సెమీ క్రిస్మస్‌లు, కేకులు, డ్రమ్ములు, సీరియల్ లైట్లు. క్రీస్తు ఇంకా పుట్టకముందే పుట్టినరోజు అయిపోతుంది. ఆ సందడి చెడ్డదని నేననను. కానీ అది క్రిస్మస్ సందడి, ఆగమన కాలం పద్ధతి వేరు. పాతకాలపు సంఘంలో ఇది ఉపవాస కాలం. ఐదు, ఆరు శతాబ్దాల్లో ఇప్పటి ఫ్రాన్సు ప్రాంతంలో నవంబరు 11 నుంచి క్రిస్మస్ దాకా వారానికి కొన్ని రోజులు ఉపవాసం ఉండేవారు. ఇప్పటికీ మీ మందిరంలో ఈ నాలుగు వారాలూ బల్ల మీద ఊదా వస్త్రం పరుస్తారు కదా, శ్రమల కాలంలో (లెంట్) పరిచేదీ అదే రంగు. ఇంకా అందని దాని కోసం ఎదురుచూసేవాళ్ళ కాలం ఇది. చెరలో ఉన్న ప్రజలకు యెషయా చెప్పిన ఆదరణ మాటలు ఈ వారాల్లోనే చదువుతాం. "చీకటిలో నడుచు జనులు" అనే మాట నిండు దీపాల మధ్య కూర్చున్నవాళ్ళ కంటే మీకే ఎక్కువ అర్థమవుతుంది. సెమీ క్రిస్మస్‌కు మీరు సరిపడకపోవచ్చు. ఆగమన కాలానికి మాత్రం సరిగ్గా సరిపోతారు.

ఇంకో సంగతి. మూడో ఆదివారం సంతోషపు ఆదివారం, ఆ రోజు కొన్ని సంఘాల్లో గులాబి రంగు కొవ్వొత్తి వెలిగిస్తారు. ఏ ఆదివారం ఏ బైబిలు భాగం చదవాలో చెప్పే మూడేళ్ళ పాఠాల పట్టిక పాటించే సంఘాల్లో, మూడేళ్ళకోసారి ఆ సంతోషపు ఆదివారమే చదివే సువార్త భాగం ఏమిటో తెలుసా? మత్తయి 11వ అధ్యాయం. బాప్తిస్మమిచ్చు యోహాను చెరసాలలో ఉన్నాడు. అరణ్యంలో అంత ధైర్యంగా ప్రకటించినవాడు, యొర్దానులో ప్రభువుకు బాప్తిస్మమిచ్చినవాడు, ఇప్పుడు శిష్యుల్ని పంపి అడిగిస్తున్నాడు: "రాబోవువాడవు నీవేనా, మేము మరియొకని కొరకు కనిపెట్టవలెనా?" జీవితమంతా ఎవరి కోసం దారి సిద్ధం చేశాడో ఆయన్నే పట్టుకుని నువ్వేనా అని అడుగుతున్నాడు. ప్రభువు కోప్పడలేదు. గుడ్డివారు చూస్తున్నారు, కుంటివారు నడుస్తున్నారు, వెళ్ళి చెప్పండి అన్నాడు. ఆ శిష్యులు వెళ్ళగానే జనంతో, స్త్రీలు కన్నవారిలో యోహాను కంటే గొప్పవాడు పుట్టలేదు అన్నాడు. అంత సందేహం వెలిబుచ్చిన మనిషి గురించి, ఆ వెంటనే అన్న మాట ఇది. చెరసాల తలుపు మాత్రం తెరుచుకోలేదు. యోహాను అక్కడే చనిపోయాడు. ఈ భాగాన్ని చదివేటప్పుడు ఆ చివరి సంగతిని దాటేయకూడదని నా అభిప్రాయం. మీ ఆయన బాగుపడలేదు. బాగుపడనివాళ్ళకూ, వాళ్ళ ఇంటివాళ్ళకూ ఈ కాలంలో చోటుంది. సందేహంతో మందిరానికి వెళ్ళడం మీ ఒక్కరికే వచ్చిన కష్టం కాదు, ఆగమన కాలానికి కేంద్రంలో నిలబడ్డ మనిషే అలా అడిగాడు.

ప్రార్థనలో మాట రాకపోతే వేరేవాళ్ళ మాటలు వాడుకోండి. 13వ కీర్తన తెరిచి పైకి చదవండి. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు? నిత్యము మరచెదవా?" దేవుని మొహం మీదే అలా అడిగినవాళ్ళ మాట మన బైబిల్లో అచ్చయి ఉంది. అది చదివి లేచి గిన్నెలు తోముకోండి. చాలు. 88వ కీర్తనలో చివరిదాకా వెలుగే కనిపించదు, దాన్నీ ఎవరూ తీసేయలేదు. పాటలు రాకపోతే పాడకండి. మందిరంలో కీర్తనల పుస్తకం తెరిచి ఒళ్ళో పెట్టుకుని, మిగతావాళ్ళు పాడుతుంటే వినండి. సంఘం ఉన్నది అందుకే, ఒకరి గొంతు పూడుకుపోయినప్పుడు మిగతావాళ్ళు పాడడానికి.

కొవ్వొత్తి విషయానికి వస్తాను. ఆ స్త్రీల కూడికలో విన్న మాట నాకు చాలా కోపం తెప్పించింది. భర్త పోయిన స్త్రీ చేయి అశుభమనే ఆలోచన మన చుట్టూ ఉన్న సమాజంలోది. సువార్త పుస్తకంలో అది లేదు. లూకా రెండో అధ్యాయం తీయండి. బాల యేసును దేవాలయానికి తెచ్చినప్పుడు అక్కడున్నవాళ్ళలో ఒకరు అన్న అనే ముసలావిడ. ఫనూయేలు కుమార్తె, ఆషేరు గోత్రికురాలు. ఏడేళ్ళు భర్తతో కాపురం చేసింది, ఆ తర్వాత ముసలితనం దాకా విధవగానే ఉంది. ఆ గడియలోనే లోపలికి వచ్చి, దేవుణ్ణి కొనియాడి, విమోచన కోసం కనిపెట్టుకుని ఉన్న వారందరికీ ఆ బిడ్డ సంగతి చెప్పింది ఆమెనే. ఆ రోజు ఆలయంలో ఆమె చేయి, ఆమె నోరు శుభమా అశుభమా అని ఎవరూ లెక్కపెట్టలేదు. కాబట్టి మీరు వెలిగించడానికి అడ్డమేమీ లేదు.

అడ్డం లేదంటే తప్పకుండా వెలిగించి తీరాలని కాదు. వెలిగిస్తే, సంఘమంతా మిమ్మల్ని చూస్తుంది. అగ్గిపుల్ల గీసేటప్పుడు చేయి వణకవచ్చు, ఏడుపు రావచ్చు. వచ్చినా ఫర్వాలేదు. మీలాగే ఈ ఏడు మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు ఆ బెంచీల్లో ఇంకొందరు ఉంటారు, వాళ్ళకది పెద్ద ఆదరణ. ఆ మాట అన్నావిడకు మీరు విడిగా సమాధానం చెప్పక్కర్లేకుండా పోతుంది. కానీ ఆ రోజు సాయంత్రం మీరు బాగా అలిసిపోతారు, అందుకు సిద్ధపడండి. వెలిగించకపోతే, ఆవిడ మాటకు భయపడి మానేశారని మీకే తర్వాత అనిపించవచ్చు. నిజంగా ఓపిక లేక మానేస్తే ఆ బాధ ఉండదు. కాబట్టి ఏ కారణంతో మానేస్తున్నారో మీకు మీరు తేల్చుకోండి. మధ్యదారులూ ఉన్నాయి. బాబు వెలిగిస్తే మీరు పక్కన నిలబడవచ్చు. లేదా నాలుగో ఆదివారం వెలిగిస్తామని అయ్యగారిని అడగవచ్చు, అప్పటికి మూడు వారాలు గడుస్తాయి.

స్టార్ విషయంలో మాత్రం అత్తగారి గురించి కాస్త నెమ్మదిగా ఆలోచించమంటాను. ఆవిడ "నలుగురూ ఏమనుకుంటారు" అన్నారు. కానీ ఆవిడ కొడుకును భూస్థాపన చేసి ఎన్నో రోజులు కాలేదు. కన్నవాళ్ళు ఉండగా కడుపున పుట్టినవాడు పోవడం కంటే పెద్ద దెబ్బ లేదు. ఆ నొప్పి చెప్పుకోవడం రాక, నలుగురి పేరు చెబుతున్నారేమో. ఏడాది తిరిగేదాకా పండుగ చేయకూడదన్నది బైబిల్లో లేదు, నిజమే. అయితే అది పాపమూ కాదు. పోయినవాళ్ళ మీద గౌరవంతో మన ప్రాంతంలో చాలామంది పాటించే ఆచారం. వచనాలు చూపించి ఆవిడతో వాదించకండి. గెలిచినా ఓడినట్టే.

ఆవిడ కాదన్నా స్టార్ కడితే, బాబు ముఖం వెలుగుతుంది, ముసలావిడ నాలుగు వారాలు లోపలి గదిలోంచి బయటికి రారు. అసలు కట్టకపోతే, నాన్న పోవడంతో క్రిస్మస్ కూడా పోయిందని బాబు మనసులో పడిపోవచ్చు. అలా పడకూడదంటే వాడికి కారణం చెప్పాలి, ఎప్పటిదాకానో కూడా చెప్పాలి: "ఈ ఏడు నాన్న కోసం ఆగుతున్నాం, వచ్చే ఏడు నువ్వే దించి కడతావు." పిల్లలు గడువు చెబితే ఓర్చుకుంటారు. జవాబు చెప్పకుండా వంటింట్లోకి వెళ్ళిపోతే మాత్రం ఓర్చుకోలేరు. ఇంకో దారి ఉంది. బాబు చేత స్టార్ దింపించండి, ఆ గుడ్డపీలిక ముడి వాడి చేతే విప్పించండి, అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకోండి. మీ అబ్బాయి చిన్నప్పుడు స్టార్ ఎలా చేసేవాడత్తయ్యా అని అడగండి. ఆవిడ చెప్పడం మొదలుపెడితే ఆ తర్వాత స్టార్ ఎక్కడ కట్టాలో ఆవిడే అంటారేమో. వీధిలోకి వద్దంటే లోపలి వరండాలో కట్టుకోండి. లైటు 24 రాత్రి మాత్రమే వేసుకోండి. అత్తగారు ఏమీ చెప్పకుండా లేచి వెళ్ళిపోతే, ఆ రోజుకు దాన్ని మళ్ళీ అటక మీద పెట్టేయండి. బలవంతం చేయకండి.

ఇంట్లో పిల్లలతో ఏదైనా చిన్నది చేయాలనుకుంటే ఒక సంగతి చెబుతాను. మీ సంఘానికి మూలపురుషుడైన అమెరికన్ లూథరన్ మిషనరీ హయ్యర్ గుంటూరు రావడానికి మూడేళ్ళ ముందు, 1839లో, జర్మనీలోని హాంబర్గ్‌లో యోహాన్ హిన్రిక్ విఖెర్న్ అనే లూథరన్ దైవజనుడు ఉండేవాడు. పేదపిల్లలకూ దిక్కులేని పిల్లలకూ ఒక ఆశ్రమం నడిపేవాడు. క్రిస్మస్ ఎప్పుడొస్తుందని ఆ పిల్లలు రోజూ అడుగుతుంటే, ఒక పాత బండి చక్రం తెచ్చి దాని చుట్టూ కొవ్వొత్తులు అమర్చాడట. మామూలు రోజులకు చిన్న ఎర్రవి, ఆదివారాలకు పెద్ద తెల్లవి. రోజుకొకటి వెలిగించుకుంటూ పోయారు. ఇప్పుడు మందిరాల్లో కనిపించే ఆగమన వలయం అలా మొదలైంది. దిక్కులేని పిల్లల మధ్య, రోజులు లెక్కపెట్టుకోవడానికి పుట్టిన అలవాటు అది. మీ ఆయన షెడ్డులో పాత చక్రమో, పెద్ద బేరింగు రింగో దొరక్కపోదు. రాత్రి అన్నాలయ్యాక దాని మీద ఒక కొవ్వొత్తి, ఒక వచనం, నాన్న గురించి ఎవరికైనా ఏదైనా గుర్తొస్తే ఒక మాట. గుర్తు రాకపోతే మౌనం. ఐదు నిమిషాలు మించనివ్వకండి. కొన్ని రాత్రులు అదీ చేయలేకపోతారు, చేయకండి, మర్నాడు చేసుకోండి.

క్యారెల్స్ వాళ్ళకు ముందే కబురు చేయండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ, చెప్పకపోతే అర్ధరాత్రి డ్రమ్ములతో గుమ్మం ముందు నిలబడతారు, లేదా వాళ్ళంతట వాళ్ళే మీ ఇల్లు వదిలేసి వెళ్ళిపోతారు. రెండూ బాధే. యూత్ లీడరును పిలిచి, డ్రమ్ లేకుండా నెమ్మదైన పాట ఒకటి పాడి ప్రార్థన చేసి వెళ్ళమని చెప్పండి. టీ పెట్టలేనని కూడా చెప్పేయండి. అదీ వద్దనుకుంటే ఆ రాత్రి పుట్టింటికి వెళ్ళిపోండి.

డబ్బు విషయం. 4 లక్షలకు నూటికి రెండు అంటే నెలకు 8,000 వడ్డీకే పోతోంది. దయచేసి ఈ ఏడు పండుగ బట్టల కోసం, కూడికల చందాల కోసం కొత్త అప్పు చేయకండి. అన్నదమ్ములో ఆడపడుచో పిల్లలకు బట్టలు తెస్తే మొహమాటపడకుండా తీసుకోండి. డ్వాక్రా సంఘంలో ఉంటే బ్యాంకు రుణం తీసుకుని ఈ వడ్డీ అప్పు కొంతైనా తీర్చవచ్చేమో కనుక్కోండి. వితంతు పింఛను మీకు వర్తిస్తుందేమో మీ ఊరి సచివాలయంలో అడగండి. డిసెంబరులో ఇవన్నీ ఆలోచించడం భక్తికి విరుద్ధమేమీ కాదు.

నిద్ర పట్టడం లేదని, అన్నం సయించడం లేదని ఉత్తరంలో రాయలేదు కానీ, అలా వారాల తరబడి ఉంటే డాక్టరును కలవండి. ఎప్పుడైనా బతకాలని లేదు అనిపిస్తే ఆ రాత్రే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వం నడిపే ఉచిత మానసిక ఆరోగ్య సేవ, తెలుగులో మాట్లాడతారు. ప్రార్థన చేసుకునేవాళ్ళు ఫోన్ చేయకూడదని ఎవరైనా అంటే వినకండి.

చివరిగా పాప. ఏమీ అడగని పిల్ల గురించే నాకు ఎక్కువ ఆలోచనగా ఉంది. పద్నాలుగేళ్ళ పిల్ల తండ్రి పోయిన నాలుగు నెలల్లో ఏమీ అడగలేదంటే, అమ్మకు భారం కాకూడదని నోరు కట్టేసుకుందేమో. తమ్ముడి కుర్చీ గొడవ, నానమ్మ మాటలు, మీ మౌనం అన్నీ అది చూస్తూనే ఉంది. అయ్యగారికి జవాబు చెప్పకముందు దాన్ని ఒంటరిగా కూర్చోబెట్టుకుని అడగండి: మొదటి ఆదివారం మనం వెలిగిద్దామా వద్దా, నీకేమనిపిస్తోంది అని. సలహా కోసం అడుగుతున్నట్టు అడగండి, ఓదార్చడానికి అడిగినట్టు కాకుండా. వద్దంటే కారణం అడగండి, దాన్ని ఒప్పించడానికి చూడకండి. వెలిగిద్దామంటే, ఎవరు వెలిగించాలో కూడా దాన్నే చెప్పనివ్వండి. శనివారం సాయంత్రం దాకా అయ్యగారు ఆగుతారు, ముందే ఆ మాట ఆయనతో చెప్పి ఉంచండి.